నవ్వుల బువ్వ

“ఏడ్పు మొఖం పెట్టకు. నవ్వుకుంట చెప్పు” అంది దీపాలి, భర్త పళ్ళెంలో రొట్టె వేస్తూ.

అమోల్ నవ్వు తెచ్చుకున్నాడు. నవ్వుతూనే డాక్టర్ అన్న మాట చెప్పాడు. బాపు ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయట. బతుకంతా మింగిన పత్తి దుమ్ము మరి, ఊరికే పోతుందా. ఇక మందులు దండగట. దసరా దాకా ఉంటే గొప్పట. ఇష్టమైనవి వండి పెట్టండి, సంతోషంగా ఉంచండి అన్నాడట.

ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్న ఆ బాపు, గాలయ్య, కొడుకు నవ్వు చూసి తనూ నవ్వాడు. పుంటికూర ఇంకాస్త వెయ్యమని పళ్ళెం ముందుకు జరిపాడు. సాంచాలనే మరమగ్గాల మోతకు చెవులు రెండూ పోయిన మనిషి. పక్కన పటాకులు పేల్చినా తల తిప్పడు. ఏం చెప్పాలన్నా సైగలే. దీపాలి సైగ చేస్తే చాలు, ఇట్టే అర్థం చేసుకుంటాడు. తన సైగల మీద ఆమెకు కొంచెం గర్వం కూడా.

అత్త లక్ష్మవ్వ పోయినప్పటి నుంచి ఇల్లు దీపాలి చేతుల్లోనే ఉంది. మగ్గాల పేట కామత్‌ఘర్‌లో ఒక్క గది ఇల్లు. గుసగుసలాడుకోవడానికి చాటెక్కడ? మూలకు పోయి మాట్లాడుకుంటే ముసలాయనకు అనుమానం రాదా? అందుకే ఆమె ఆలోచించి ఈ పద్ధతి పెట్టింది. రాత్రి బువ్వ దగ్గర అందరూ కూర్చోవాలి. చెప్పుకునేదేదో మామ ముందే, పెళ్ళి ముచ్చట చెప్పుకున్నట్టు నవ్వుతూ చెప్పుకోవాలి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా.

మామకు ఈ సంగతి తెలియకూడదు. అదే ఆమె పట్టుదల. ఆమె కన్నతల్లికి ఇట్లాగే ఆసుపత్రిలో ఎవరో నోరు జారి చెప్పేశారు. ఆ పొద్దు నుంచి ఆ తల్లి మెతుకు ముట్టలేదు. రోగం కంటే ముందు బెంగే తీసుకుపోయింది. మామకు ఆ గతి పట్టనివ్వనని దీపాలి పోచమ్మకు దీపం పెట్టి మరీ అనుకుంది.

మొదట్లో నవ్వు ఎవరికీ రాలేదు. మరిది రితేష్ ఆటో ఆపి వచ్చి కూర్చునేవాడు, రెండు ముద్దలు తినేసరికి కళ్ళు నిండేవి. కారం ఎక్కువైందని దగ్గి కప్పిపుచ్చుకునేవాడు. కానీ మనిషి దేనికైనా అలవాటు పడతాడు, దిక్కుమాలిన బుద్ధి. మెల్లమెల్లగా నవ్వులు వాటంతటవే వచ్చాయి. బోటికూర, వేయించిన ఎండు బొంబిల్ చేపలు, పచ్చిపులుసు, వేడి రొట్టెలు. ఆ ఇంట్లో అంత రుచిగా ఎప్పుడూ తిన్నది లేదు. పక్కింటి వనిత తొంగిచూసి, మీ ఇంట్లో రోజూ పండుగేనా అని అడిగింది.

ఊరికి తీసుకుపోవాలా, ఇక్కడే కానివ్వాలా అన్నది ఒకనాటి ముచ్చట. ఊళ్ళో ఎవరున్నారు, ఇక్కడే అనుకున్నారు. బాపు మంచం మాత్రం నాదేనని రితేష్ పరాచికమాడాడు. అందరూ నవ్వారు, గాలయ్యా నవ్వాడు. మర్నాడు పొద్దున్నే ముసలాయన కింద చాప పరుచుకున్నాడు. మంచం మీద నడుము నొప్పిగా ఉంది, చిన్నోడిని పడుకోమన్నాడు. ఎంత మంచి మనసు అనుకుంది దీపాలి.

ఇంకోనాడు రితేష్ పెళ్ళి మాట వచ్చింది. ఇంట్లో మనిషి పోతే ముహూర్తం ఎప్పటికో పోతుంది, పిల్ల తరఫువాళ్ళు అప్పటిదాకా ఆగరు అని అమోల్ దిగులుపడ్డాడు, పళ్ళు బయటపెట్టి నవ్వుతూనే. మర్నాడు చాయ్ తాగుతూ గాలయ్య తన చెవిటి గొంతుతో గది అదిరేట్టు చెప్పాడు.

“చిన్నోని పెండ్లి జల్ది జెయ్యున్రి. నేను సూడాలె.”

పోచమ్మ తల్లే ముసలాయన నోట పలికించిందని దీపాలి దండం పెట్టుకుంది. పెళ్ళి ఖాయమైపోయింది.

దసరా దాటింది. ఆ రాత్రి మటన్. “డాక్టర్ సెప్పిన గడువు దాటిపాయె, బాపేమో గుండు లెక్క కూసున్నడు. అంత నీ కూర మహిమనే” అన్నాడు అమోల్. దీపాలికి పొలమారింది. రితేష్ కడుపు పట్టుకుని నవ్వాడు. అందరికంటే ఎక్కువ గాలయ్యే నవ్వాడు, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. నీళ్ళు తుడుచుకుని, కడుపు నిండిందని సైగ చేసి చెయ్యి కడిగేశాడు. పళ్ళెంలో ముక్కలన్నీ అట్లాగే ఉన్నాయి. అంతగా నవ్వితే ఆకలేం ఉంటుందిలే అనుకుంది ఆమె.

మర్నాడు సాయంత్రం పక్క పేట టెంఘర్ నుంచి నర్సింగం వచ్చాడు. గాలయ్య పక్క మగ్గం మీద బతుకంతా పనిచేసిన మనిషి. గాలయ్య తన కొడుకులిద్దరినీ మగ్గాల షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఒకడిని గోదాములో పెట్టించాడు, ఒకడికి ఆటో ఇప్పించాడు. ఆ పాత రోజులు తెలిసినవాడు ఇప్పుడు నర్సింగం ఒక్కడే. దీపాలి ఆయనకూ పళ్ళెం పెట్టింది. ఆత్మీయుడికి దాచడం పాపమనిపించి, మొహమంతా నవ్వు చేసుకుని మొత్తం చెప్పేసింది. డాక్టర్ మాట, గడువు, రోజూ తాము నవ్వుతూ చెప్పుకునే ముచ్చట్లు, అన్నీ.

నర్సింగం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“నవ్వున్రి చిన్నమామా. ఆయన ఇటే సూస్తున్నడు” అంది దీపాలి నవ్వు చెదరకుండా.

గాలయ్య నిజంగానే అటే చూస్తున్నాడు. వద్దన్నట్టు స్నేహితుడికి తల అడ్డంగా ఊపాడు. కూర వద్దంటున్నాడేమో అనుకుంది దీపాలి.

నర్సింగం భుజం మీది తువ్వాల తీసి నోటికి అడ్డం పెట్టుకుని, తల గోడవైపు తిప్పి చెప్పాడు. “సాంచాల మోతల చెవులతోని పనేముంటది బిడ్డా, ఇన్నేండ్లు మేమిద్దరం ఒగల పెదవులు ఒగలం సూసే ముచ్చట పెట్టుకున్నం.”