చంక దాకా గీత

వైద్యవిద్యార్థుల పాఠాలు తిరగరాస్తున్నాం కనుక ఈ మాట ఇప్పుడే చెప్పాలి: మా గోడపటాల్లో ఉన్నదంతా మగదేహమే. అవయవాల హద్దులు తన ఒంటిమీద గీయించుకోవడానికి ఏ ఆడమనిషీ ఒప్పుకోకపోతే, "నేనొస్తాను పద" అంటూ మా అత్తగారు నా వెంటపడ్డారు.

తెర వెనుక, ఆడపిల్లల మధ్య, ఆవిడ బల్లమీద దర్జాగా పడుకున్నారు. ఒక విద్యార్థిని పక్కటెముకలు లెక్కపెట్టి, రంగు పెన్సిలుతో రొమ్ము చుట్టూ గుండ్రంగా గీసింది.

"అయిపోయింది, బామ్మగారూ."

"అప్పుడేనా? చంకవైపు వదిలేశావేమే?"

"పుస్తకంలోని పటంలో ఇంతే ఉందండీ."

"ఆ పటానికి చక్కిలిగిలి పెడితే నవ్వుతుందా? నేను నవ్వుతాను. నా మాట విను."

పిల్లలు పకపకా నవ్వారు. ఆవిడన్నది నిజమే, రొమ్ము కణజాలం చంక దాకా సాగుతుంది. నేను తలూపాను. విద్యార్థిని వేళ్లతో తడుముతూ గీతను పైకి తీసుకెళ్లింది.

"ఇంకాస్త లోపలికి. నొక్కి చూడమ్మా, నేనేం గాజుబొమ్మను కాదు."

పెన్సిలు ఆగిపోయింది. "మేడమ్, ఇక్కడేదో గట్టిగా తగులుతోంది."

అత్తగారు నావైపు తిరిగారు.

"హమ్మయ్య, దొరికిందా! డాక్టరువే అయినా కోడలివి కదే, నీకు చూపించాలంటే సిగ్గుతో చచ్చిపోయాననుకో. పాఠమంటే ఫర్వాలేదనిపించింది."

నేనూ చూశాను. గడ్డ చిన్నది, వేలికింద జారుతోంది. అలా కదలడం క్యాన్సరు కాదనడానికి మంచి సూచనే కాని నిర్ధారణ కాదు. పరీక్ష ఫలితం ఇంకా రావాలి. ఎన్నాళ్లు దాచారో ఆవిడ ఇప్పటికీ చెప్పడం లేదు.