ఆర్పని కర్పూరం

విజిల్ మోగి పావుగంటయింది. పెనాల్టీ మాత్రం కొట్టనివ్వడం లేదు.

ఓబుళేశు గోలు ముందరి ఎర్రమట్టిలోంచి లేచి నిలబడ్డాడు. ఎటూ కదలడానికి లేదు. చుట్టూ జనం. ఆ జనం చుట్టూ, ఎక్కి ఆట చూడ్డానికని అడ్డంగా నిలిపిన ట్రాక్టర్లు.

"తగల్నేలేదు సార్! వాడే పడినాడు, నాటకమాడతాండాడు" అని అవతలి ఊరివాళ్ళు.

"తన్నింది కనపడలేదా? కండ్లు యాడ పెట్టుకున్యారప్పా?" అని ఇవతలి ఊరివాళ్ళు.

రిఫరీ లేవి సార్‌కు నిజంగానే సరిగా కనపడలేదు. సరిగ్గా అప్పుడే దుమ్ము లేచింది. దుమ్ములో ఓబుళేశు పడ్డాడు, పక్కనే హనుమన్న ఉన్నాడు, ఆయన విజిల్ ఊదేశాడు. ఇప్పుడు ఆయన మోటార్‌సైకిల్ తాళంచెవి ఎవరు లాక్కుని జేబులో వేసుకున్నారో ఆయనకే తెలియదు.

గులకరాళ్ళ బీడులో ఆట. ఇరవై ఇద్దరి కాళ్ళూ ఎప్పుడో చెక్కుకుపోయాయి. కాలు చూసి తేల్చేది ఏమీ లేదు. సెల్‌ఫోన్లలో తీసిన వీడియోలు నాలుగు తిరగేశారు. నాలుగింటిలోనూ దుమ్మే.

చెరొక గోలు. ఇంకా రెండు నిమిషాల ఆట ఉంది.

హనుమన్న పరాయివాడు కాదు. ఓబుళేశు అక్క యామిని మొగుడు. అవతలి ఊరి జట్టులో ఆడుతున్నాడు. కాన్పుకని పుట్టింటికి వచ్చిన యామిని, మైదానం గీతకు ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. తమ్ముడి వైపు అరవాలో, మొగుడి వైపు అరవాలో తెలియక ఆట మొదలైనప్పటి నుంచీ నోరు మూసుకునే ఉంది.

కప్పు ఇస్తున్న పెద్ద ఈరన్న ట్రాక్టర్ మీంచి దిగాడు.

"ఆంజనేయసామి గుళ్ళోంచి కర్పూరం తీస్కరాండి."

ఆ చుట్టుపక్కల గట్టు తగాదా వచ్చినా, గొర్రె పోయినా తేల్చేది అలాగే. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలి.

"ఫుట్‌బాల్‌కు ప్రమాణమేందప్పా? రూల్స్‌లో యాడా లేదు" అన్నాడు లేవి సార్.

"మీ రూల్సు దుమ్ములో కొట్టుకపాయ కదా సార్. ఇంగ మా రూలు సూడండి." ఈరన్న ఇద్దరినీ పిలిచాడు. "తగల్లేదని ఒకడు ఆర్పాల, తగిలిందని ఒకడు ఆర్పాల. ఎవుడు వెనక్కిపోతే వానిది అబద్ధం."

"ఇద్దరూ ఆర్పితే?"

"సార్ సెప్పినట్ల పెనాల్టీ కొట్టుకోండి. అబద్ధమాడినోని సంగతి సామి సూసుకుంటాడు."

హనుమన్న ముందుకొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. "నా కాలు వానికి తగిలింటే, పుట్టబోయే బిడ్డ నాకు దక్కకూడదు" అని రాతి మీద వెలిగించిన కర్పూరం మంట మీద అరచెయ్యి వేశాడు.

హనుమన్నకు పెళ్ళయి ఆరేళ్ళు. ముందటి రెండు కడుపులూ నిలవలేదని రెండూళ్ళకూ తెలుసు. అలాంటివాడు ఆ మాట ఊరికే అనడు.

రెండో కర్పూరం వెలిగించారు.

లేవి సార్ ఓబుళేశు చెవి దగ్గరకు వంగాడు. "నిజం సెప్పు. జిల్లా జట్టుకు ఈ సాయంత్రమే పేర్లు పంపేది. నీది మొదట్లో రాసినా. దొంగగా పడేటోణ్ణి మాత్రం నేను పంపను."

జిల్లా జట్టంటే హాస్టల్, చదువు, మూడు పూటలా తిండి. ఓబుళేశు మూడేళ్ళుగా తెల్లవారుజామున ఈ బీడులో పరుగెత్తి, ఆ తర్వాత పత్తికొండ మార్కెట్లో టమోటా బాక్సులు మోస్తున్నది దానికోసమే.

ఇవతలి చెవి దగ్గర కెప్టెన్ జయరాజ్. "ఆర్పురా. పడినావో, పడేసినారో నాకొద్దు. తప్పయితే రేపు శ్రీశైలం పోదాం. నీతోపాటు నేనూ గుండు కొట్టించుకుంటా."

"నీకుండేదే నాలుగెంట్రుకలు గదన్నా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

ఓబుళేశు చెయ్యి చాచాడు. మంటకు జానెడు పైన చెయ్యి ఆగింది.

బావ వైపు చూశాడు. బావ రెప్ప వేయడం లేదు. అక్క వైపు చూశాడు. అక్క ఇటు చూడనే లేదు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని తల వంచుకుని ఉంది.

"ఆర్పురా!"

"ఆర్పలేడప్పా. అబద్ధమోనికి సెయ్యి యాడ లేస్తాది?"

కర్పూరం చిన్నదైంది. ఓబుళేశు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మంట రాతి మీద నల్లటి మచ్చ మిగిల్చి, దానంతటదే ఆరిపోయింది.

"నేనే పడినా సార్."

లేవి సార్ పసుపు కార్డు చూపించాడు. ఆ తర్వాత జేబులోంచి కాగితం తీసి, అందరూ చూస్తుండగానే మొదటి పేరు కొట్టేశాడు. పెనాల్టీ పోయింది. రెండు నిమిషాల్లో అవతలి ఊరు గోలు కొట్టింది. జయరాజ్ ఓబుళేశు ముందు నేల మీద ఉమ్మి వెళ్ళిపోయాడు.

కుంటుకుంటూ ఇంటిదారి పట్టిన ఓబుళేశును చూసి ట్రాక్టర్ల మీద పిల్లకాయలు ఈలలు వేశారు. "ఆట అయిపాయ! ఇంగా యాక్టింగేందిరా?"

దీపాలు పెట్టే వేళకు యామిని జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి తెచ్చి మంచం పక్కన పెట్టింది. తమ్ముడు ముసుగు తియ్యలేదు.

"సిగ్గయితాందా? కావాల. ఊర్లో తలెత్తుకోనీకుండా చేస్తివి కదరా" అంది. పోబోయి, మళ్ళీ తిరిగొచ్చి మంచం అంచున కూర్చుంది. గొంతు తగ్గించింది. "ఓబులూ, నాకు మాత్రం నిజం సెప్పు. మీ బావ కాలు తగల్లేదు కదా?"

"తగల్నేలేదక్కా" అని నవ్వాడు ఓబుళేశు, బావ బూటు మేకులు మూడు అచ్చుపడి మోకాలిదాకా వాచిపోయిన కాలిని ఆమెకు కనపడకుండా మెల్లగా దుప్పట్లోకి లాక్కుంటూ.