టొక్తో

కెమెరా వెలగగానే బత్మా ముసలమ్మ తలమీది తెల్లగుడ్డ సర్దుకుంది.

"దేశమంతా మీ అమ్మాయి పేరే పలవరిస్తోంది పెద్దమ్మా. అసలు ఆ పేరెలా వచ్చింది?" అడిగాడు టీవీ యాంకర్ నుర్జాత్.

పక్కనున్న గాయని టొక్తో నవ్వింది. కిర్గిజ్ రాజధాని బిష్కెక్ స్టేడియంలో ఆమె గొంతు విప్పితే జనం లేచి నిలబడతారు. నారిన్ కొండల్లోని ఈ ఇంట్లో మాత్రం తల్లి భుజానికి ఆనుకుని కూర్చునే పిల్ల.

"మా పెద్దాడి తర్వాత పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోయారు నాయనా," అంది బత్మా. "చాలా ఏళ్ళకి ఇది నా ఒళ్ళోకొచ్చింది. టొక్తో అన్నాను. ఆగు అని. నువ్వైనా నా దగ్గర ఆగవే అని."

నుర్జాత్ కళ్ళు తుడుచుకున్నాడు. టొక్తో తల్లి చేతిని ముద్దు పెట్టుకుంది.

గుమ్మం దగ్గర పెద్దకొడుకు బెక్‌తుర్ టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. అతని భార్య అనార్ వేడి బోర్సోక్ రొట్టెల పళ్ళెం తెచ్చి పెట్టి, గిన్నెల్లోకి టీ వంచసాగింది.

"అక్కా, మీ ఆడబిడ్డ పసితనంలో ఎలా ఉండేది?" అనార్‌ని అడిగాడు నుర్జాత్.

"ఓ పట్టాన నిద్రపోయేది కాదు. ఎడమవైపు తిప్పి పడుకోబెడితేనే ఊరుకునేది."

"అమ్మ ఎప్పుడూ చెప్పలేదే ఇది," అంది టొక్తో. తర్వాత యాంకర్ వైపు తిరిగింది. "మా వదినకి నా పేరంటే గిట్టదండీ. ఎన్నడూ పిలవదు. తెల్లపిల్లా అంటుంది, అంతే."

"కోడళ్ళం. అత్తింటివాళ్ళని పేరు పెట్టి పిలవం కదా," అంది అనార్.

"ఇక ఆ ఇబ్బందీ లేదులే. రేపు అమ్మని బిష్కెక్ తీసుకుపోతున్నా. నా కొత్తింట్లో నాతోనే ఉంటుంది. అమ్మ లేని ఇంటికి నేనింకెందుకొస్తాను వదినా?"

అందరూ నవ్వారు. అనార్ కూడా నవ్వబోయింది. గిన్నె నిండి, టీ కింద పరిచిన గుడ్డ మీద ఒలికింది.

"ఆ పేరు..." అంది.

బెక్‌తుర్ చేతుల్లో టోపీ ఆగిపోయింది.

"అనార్." అత్తగారి గొంతులో కోపం లేదు. భయం ఉంది. "టీ చల్లారింది. వేడిది పట్రా."

అనార్ మొగుడి వైపు చూసింది. అతను నేల చూపులు చూశాడు.

"తెస్తున్నా అత్తయ్యా."

వంటగదిలో పొయ్యి ముందు నిలబడింది. నీళ్ళు కాగాయి. ఆమె దించలేదు. బయట వాకిట్లో ఊరి జనం గాయనిని చూడాలని గుమిగూడి, టొక్తో, టొక్తో అని పిలుస్తున్నారు.

అనార్ పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

ఆ మాట ఆమె నోట ఒకే ఒక్కసారి వచ్చింది: తొలిచూలు బిడ్డ తాత నాయనమ్మల సొత్తంటూ అత్తగారు పొత్తిళ్ళలోని పసిగుడ్డును కొడుకు వేరుకాపురం నుంచి గుర్రం మీద తీసుకుపోతుంటే, పచ్చి బాలింత అనార్ పాలతో తడిసిన రవికతో ఆ గుర్రం వెనక పరుగెడుతూ పెట్టిన కేక అది.