పాలైసు బక్కయ్య పనితనం

"మహబూబాబాద్ చేరేదాక సల్లగ ఉండాలె పెద్దాయనా. మధ్యల మూత తియ్యొద్దు" అంటూ హైదరాబాదు దవాఖానలో మందులిచ్చే అతను థర్మాకోల్ డబ్బాను కిటికీలోంచి ముందుకు జరిపాడు. ఇంకేదో చెప్పబోయాడు గానీ బక్కయ్య చెప్పనిస్తేగా!

"ముప్పై ఏండ్ల సంది పాలైసు అమ్ముతున్న బిడ్డా. సల్లదనం సంగతి నాకు చెప్తవా?"

చేపపిల్లకు ఈత నేర్పబోయినట్టుంది అతని వరస. చేతిలో పెట్టిన ఇంగ్లిషు కాగితాన్ని బక్కయ్య మడిచి జేబులో వేసుకున్నాడు.

ఏడాదిగా అతను చేసిన పని ఒక్కటే, తలుపుల బయట నిలబడటం. కూతురు రేణుకకు తోకెముకలో క్యాన్సర్. లక్షల్లో ఒకరికి కూడా రాదట, వెతుక్కుంటూ ఈ పిల్లకే వచ్చింది. డాక్టర్ల మాటలు అర్థం కావు. రేడియేషన్ గదిలోకి రానివ్వరు. పిల్ల నొప్పికి పళ్లు బిగబడితే చూస్తూ కూర్చోవడమే. కన్నతండ్రినై ఉండి దేనికీ కొరగాకుండా పోయానని అతనికి ఏడుపొచ్చేది.

రేడియేషన్ కణితిని దెబ్బతీసిందని, ఇప్పుడు ఈ మందు ఎక్కిస్తే ఒంట్లో ఉన్న శక్తే మిగిలినదాని మీద తిరగబడవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఒకటి లేకుండా రెండోది చాలదట. రేడియేషన్ ముగిసిన పది రోజుల్లోపే ఎక్కాలట. బక్కయ్య మందుకొచ్చిన ఆ రోజు తొమ్మిదోది. రేణుక ఇక ప్రయాణం చేయలేదు కనుక మహబూబాబాద్ దవాఖానలోనే ఎక్కిస్తామన్నారు. అర్జీ పెట్టిన మూడు నెలలకు వచ్చింది ఈ ఒక్క సీసా. దాన్ని తెచ్చే పని బక్కయ్యకు దక్కింది.

పొద్దున బయల్దేరిన రైలు జనగామలో ఆగిపోయింది. ముందు పట్టాల పని జరుగుతోందట. మే నెల ఎండకు రైలుపెట్టె కాగిపోతోంది. గంట దాటింది, రెండు గంటలైంది. ఉండబట్టలేక మూత తీసి చూస్తే లోపలి చలువ ప్యాకెట్లు మెత్తబడ్డాయి.

బక్కయ్య డబ్బా పట్టుకుని దిగి స్టేషన్ బయటికి ఉరికాడు. సోడా కొట్టులో మంచుగడ్డ, పక్క దుకాణంలో దొడ్డుప్పు కొన్నాడు. మంచు దంచి, ఉప్పు కలిపి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుమ పెట్టి, తన తొట్టిలో పాలైసుకు కూరినట్టే సందు లేకుండా కూరాడు. రైలెక్కాక పక్కనున్న ఆడమనిషి ఉప్పెందుకని అడిగింది.

"ఉప్పుంటెనే సలువ నిలుస్తది అక్కా. ఎంత ఎండ కొట్టనీ, నా బండ్ల పాలైసు రాయి లెక్కుంటది."

ఏడాదిలో మొదటిసారి అతని మాటలో కాస్త దర్జా వినిపించింది. దారి పొడుగునా డబ్బాను ఒళ్లోంచి దించలేదు. తొడలు తిమ్మిరెక్కినా హాయిగానే ఉంది. మొత్తానికి బిడ్డ కోసం తన చేతులు కూడా ఒక పని చేస్తున్నాయి.

మూడింటికి వార్డులో అడుగుపెట్టేసరికి రేణుక చేతికి సూది గుచ్చి సిద్ధంగా ఉంచారు. ఆమె కళ్లు తెరిచి, తిన్నావా బాపూ అని అడిగింది. నువ్వు లేచి కూర్చున్నాక తింటానన్నాడు.

నర్సు హర్షిణి డబ్బా అందుకుంది. బక్కయ్య చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఈసారి ఎవరూ అతన్ని బయటికి పొమ్మనలేదు.

"జర చెయ్యి పెట్టి సూడు బిడ్డా. హైదరాబాదుల ఇచ్చినప్పటికన్న సల్లగున్నది" అన్నాడు.

నర్సు సీసాను వెలుతురుకెత్తి అటూ ఇటూ వంచి చూసింది. తర్వాత మెల్లగా బల్ల మీద పెట్టి, రేణుక వైపు చూడలేక బక్కయ్య వైపు తిరిగింది.

"గడ్డకట్టిన మందు పనికిరాదు బాపూ."