రాసినవాడి పేరు

"ఆ పేరు తీసెయ్," అన్నాడు విశ్వేశ్వర్.

పత్తర్‌గట్టిలో గాజుల దుకాణం పైన ఒంటి గదే అతని కంపెనీ. దుకాణాల సరుకు జాబితాలు భద్రపరిచే ప్రోగ్రాం చేసి అమ్ముతాడు. ఆ ప్రోగ్రాం మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టి, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునేలా చేసే ముక్క మాత్రం ఇంటర్నెట్లో ఉచితంగా దొరికింది. ఎవరో రాసి, లోకానికి వదిలేశారు.

"ఫుకట్ల వాడుకోవచ్చు గని, రాసినాయన పేరు, లైసెన్స్ తియ్యొద్దని ఉంది సార్," అంది అతని దగ్గర పనిచేసే లావణ్య. "నుక్సాన్ అయితే, నష్టమొస్తే, ఆయనకు జిమ్మేదారి లేదని, బాధ్యత వాడుకున్నోళ్లదేనని గూడ అండ్లనే ఉంది."

"ఫుకట్ల పంచెటోడు నాకు షరతులు పెడ్తడా? గిసుంటి దివానాగాళ్లు గల్లీకి పదిమంది ఉంటరు. తీసెయ్."

లావణ్య తీసేసింది. చదువుకున్నవాళ్ల భయాలంటే అతనికి మహా చులకన. పైగా ఉస్మాన్‌గంజ్ వర్తక సంఘం నుంచి మనిషి వచ్చే వేళయింది. రెండు వందల దుకాణాల బేరం. అది కుదిరితే ఈ ఇరుకు గది పీడ వదులుతుంది.

వచ్చినావిడ పేరు అమల. నూలు చీర, పాత సంచీ. సంఘానికి ఈమే దొరికిందా అనుకుంటూ ప్రోగ్రాం తెరిచాడు. ఫైలు కట్టే ముక్క పనిచేస్తున్నట్టు ముందుగా తెర మీద ఒక నీలం గీత కదిలింది.

"గీ నీలం గీత మా దుకాణాల ప్రోగ్రాంల గూడ వస్తది," అందామె. "అది ఇంకొకాయన అమ్మిండు. ఫైలు కట్టే ముక్క తను రాయలేదంటడు."

"ఎట్ల రాస్తడు మేడం? వానికి గంత దిమాక్ ఏడిది? నా దగ్గర కొట్టేసిండు. ఆ ముక్క నేనే రాసిన."

"సార్..." అంది లావణ్య.

"నువ్వు చాయ్ చెప్పిరాపో."

"బయటికెల్లి తీసుకున్నది ఏం లేదా?" అడిగింది అమల.

"ఒక్క అక్షరం లేదు."

"గట్లనే రాసిస్తరా? సంఘానికి కాగితం కావాలె."

బేరం కుదిరిపోయిందని పొంగిపోయాడు విశ్వేశ్వర్. కంపెనీ కాగితం మీద రాసి, సంతకం చేసి, అడగకపోయినా ముద్ర కూడా కొట్టి ఇచ్చాడు. ఆమె రెండుసార్లు చదువుకుని సంచీలో పెట్టుకుంది.

"నేను సంఘం వకీల్‌ను. గా ముక్క రాసినాయన కోసం ఆర్నెల్ల సంది దేవులాడుతున్నం."

"ఎందుకు మేడం, సన్మానం చేస్తరా?" అని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"మా రెండొందల దుకాణాల జాబితాలు తుడిచేసింది గా ముక్కనే."