గేటు ముందు స్టాపు

"నువ్వు ముందు లోపలికెళ్లు," అంది సిరి.

"నువ్వే వెళ్లు. మీ మమ్మీ తిట్టరూ?" అంది గీతిక.

స్కూలు బస్సు వెళ్లి పావుగంటైంది. నాచారంలో ఆ పెద్ద అపార్టుమెంట్ల గేటు ముందు ఐదో తరగతి పిల్లలిద్దరూ బ్యాగులు మోసుకుని నిలబడే ఉన్నారు.

రోడ్డుకు అవతల, మెడికల్ షాపు పక్కన ఆయాసపడుతూ ఆగింది సిరి తల్లి సారలమ్మ. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని ఇవాళ ఆలస్యమైంది. లేకపోతే ఈపాటికి సిరి "మమ్మీ షాపులో ఉంది" అని గీతికతో చెప్పి రోడ్డు దాటేసేది. తల్లీకూతుళ్లు మల్లాపూర్ ఆటో ఎక్కేసేవాళ్లు. వాళ్ల రేకుల ఇళ్ల గల్లీకి స్కూలు బస్సు రాదు. ఈ గేటు దగ్గర ఎక్కే పిల్ల గనుక ఇక్కడి పిల్లే అనుకుంది క్లాసంతా. సిరి కాదనలేదు. ఉచిత సీటు పిల్లని తెలిస్తే పక్కన కూడా కూర్చోనివ్వరట. దానికున్న ఒక్కగానొక్క స్నేహితురాలు ఈ గీతిక.

కొత్త వాచ్‌మన్ కొమురెల్లి గేటు తీసి బయటికి వచ్చాడు.

"ఏంది బిడ్డా, గప్పట్నుంచి ఈడనే నిలబడ్డరు? మొగులైంది, వానొచ్చేటట్టుంది. ఏ బ్లాకు మీది? ఫోన్ జేసి చెప్తా."

సిరి ముఖం పాలిపోయింది. గీతిక బూటు లేసు కట్టుకోవడానికి వంగింది.

సారలమ్మ ఇక ఆగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని రోడ్డు దాటింది. కూతురికి రెండడుగుల దూరంలోనే ఆగి, చేతులు కట్టుకుంది.

"సిరి పాపా! మేడమ్ షాపు కాడున్నది. నిన్ను తోల్కరమ్మన్నది."

"మీ ఇంట్లో పనిచేసే ఆంటీనా?" గీతిక అడిగింది.

"అవు పాపా," సిరి నోరు తెరిచేలోపే సారలమ్మ అనేసింది. బ్యాగు అందుకోబోయింది.

సిరి బ్యాగు ఇవ్వలేదు. ప్యాకింగ్ టేపు ముక్కలంటిన తల్లి వేళ్ల వైపు చూసింది.

"పనామె గాదు. మా అమ్మ. మేం గీ బ్లాకులల్ల ఉండం. మల్లాపూర్ల రేకుల రూముల ఉంటం."

"నీ నోరు వడ..." అనబోయి సారలమ్మ మధ్యలోనే మింగేసింది.

కొమురెల్లి తల గోక్కున్నాడు. గీతిక నోరు తెరుచుకుని సిరినీ, సారలమ్మనూ మార్చి మార్చి చూసింది.

సారలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని గబగబా వెనక్కి తిరిగింది. రేపటి నుంచి బెంచీ మీద పిల్ల ఒక్కతే కూర్చోవాలి. అబద్ధం మోయడం తప్పింది, అదొక్కటే నయం. నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగారు.

"ఆంటీ, జర నన్ను గూడ ఆటోల ఎక్కించుకోండ్రి! మాది గూడ మల్లాపూరే, రోజు సిరి పోయినంక నడ్సుకుంట పోతున్న."