శ్రావణ శుక్రవారం వాయనం

ఆ కాలంలో ఇంటింటి గుమ్మానికీ ఒక యంత్రం ఉండేది. దానం చేయి దాటగానే ఇచ్చినవారికి ఆదాయపన్ను మినహాయింపు రాసి, పుచ్చుకున్నవారి పేరు వీధి తెరమీద వేసేది.

పక్కింటి ప్రవల్లికకు భర్త పోయాక పూట గడవడం లేదని హిమబిందుకు తెలుసు. శ్రావణ శుక్రవారం పూజ ముగించి, ఆమెను పిలిచి, బియ్యం, పప్పు నింపిన పళ్లెం అందించబోయింది.

"దానమేనాండీ? మినహాయింపు రాయమంటారా?" అంది యంత్రం.

ప్రవల్లిక చేతులు వెనక్కి తీసుకుంది. "వద్దక్కా. నా పేరు తెరమీద పడితే మా పిల్ల బడికెళ్లనంటుంది."

భర్త లేనివారికి వాయనం ఇవ్వకూడదని హిమబిందు అత్తగారు చెప్పేవారు. అది అమ్మవారి మాటేనా?

ఆమె ప్రవల్లిక నుదుట బొట్టు పెట్టింది.

"దానం కాదు," అంది యంత్రంతో. ప్రవల్లిక వైపు తిరిగింది. "కొంగు పట్టు తల్లీ. ఇస్తినమ్మ వాయనం."

ఆ మాట మూడోసారి అన్నాక ప్రవల్లిక కొంగు పట్టి, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది. వీధి తెరమీద ఏ పేరూ పడలేదు.